కత్తియు గొడ్డలియు: చిట్టడవిలో నొక పరీక్ష

మేడ్చలునకును శామీరుపేటకును నడుమనున్న నేల దారిన బోవువారికి బోడిగా గనబడును. పడమట నాగపూరునకు బోవు 44వ జాతీయ రహదారి, తూర్పున కరీంనగరమునకు బోవు రాజీవ్ రహదారి, ఈ రెంటిని ఖండించుచు 158 కిలోమీటర్ల వలయ రహదారి. వీని మధ్య ఇండ్లును గోదాములును ఏటేట ముందునకు జరుగుచున్నవి. అయినను రాతిగుట్టల సందులలోను, చెఱువు కట్టల వెనుకను చిట్టడవి తునుకలు కొన్ని యింకను మిగిలియున్నవి. మా పాఠశాల భూమి యంచున నట్టి తునుక యొకటి కలదు. దాని నడుమనుండి గుట్టపైకి బోవు కాలిబాట యొకటి పూర్వ ముండెడిది. నడచువారు లేక కొన్ని యేండ్లలో ముండ్లపొదలు దానిని మ్రింగివేసినవి.

గడచిన ఫిబ్రవరిలో నాలుగు శనివారములు ఆ బాటను తిరిగి తెఱచుటకు పై తరగతుల విద్యార్థులు పండ్రెండుగురితో మేము పూనుకొంటిమి. ఏ పనిముట్టు ఏ మ్రానికి తగును, ఏది యెందుకు చెడును అనునది పుస్తకమున చదివినదానికంటె ఆ నాలుగు దినములలో మాకు ఎక్కువ తెలియవచ్చినది. తల్లిదండ్రులు కొందఱు "పిల్లల చేతికి గొడ్డలి యేల యిచ్చితిరి?" యని మమ్ము అడిగియున్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. జరిగినది జరిగినట్లు చెప్పుటయే దానికి తగిన యుత్తరమని తలంచి యిది వ్రాయుచున్నాము.

మొదట నేమి నఱకవచ్చునో, ఏమి నఱకరాదో నిర్ణయించుకొంటిమి. చెట్టు మన నేలలోనిదే యైనను అనుమతి లేక నఱకుట 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమునకు విరుద్ధము. కావున వేప, రేల, సీతాఫలము, మోదుగ మొదలగు వానిని ముట్టక, బాట వాని ప్రక్కగా వంకర దిరిగినను సరే యని, సర్కారు తుమ్మను, లంటానా పొదలను మాత్రమే తీయ నిశ్చయించితిమి. మోదుగలు అప్పుడే పూచియుండెను. ఆ యెఱ్ఱని పూలగుత్తుల క్రింద నిలిచి యే చెట్టును కొట్టవలెనని యెవరికిని తోచదు లెండు.

ఈ రెండును పరదేశపు మొక్కలే. లంటానా అమెరికా ఖండపు ఉష్ణదేశములది. పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున కలకత్తా వృక్షోద్యానమునకు పూలమొక్కగా వచ్చి, పక్షులు దాని పండ్లు దిని విత్తులు చల్లగా దేశమంతట అల్లుకొన్నది. సర్కారు తుమ్మ కథ మన తెలుగువారికి మఱింత దగ్గఱిది. వంటచెఱకు కఱవును దీర్చుటకై అటవీశాఖవారు దీని విత్తనములను తెప్పించి, 1870 దశాబ్ది చివర కడప మండలములోని కమలాపురమున నాటించిరి. సర్కారు నాటించినది గనుక సర్కారు తుమ్మ యయ్యెను. తెలంగాణ రాష్ట్రవృక్షమైన జమ్మి దీనికి దగ్గఱి చుట్టము. ఆకు చూచి రెంటిని పోల్చుకొనుట చిన్నవారికి కష్టము. ముల్లు చూచినచో తేట తెల్లమగును. సర్కారు తుమ్మ ముండ్లు ఆకు పుట్టుచోట జంటలుగా, నిడుపుగా నుండును. జమ్మి ముండ్లు పొట్టివై కొమ్మ పొడుగున చెదరి యుండును. గొడ్డలి యెత్తుటకు ముందు ప్రతి విద్యార్థియు ముల్లు చూచి పేరు చెప్పవలెనని నియమము పెట్టితిమి. ఆ నియమము వలన ఒక చిన్న జమ్మి బ్రదికినది.

ఇక పనిముట్లు. మా యొద్ద నాలుగు ఉండెను. మొదటిది ఊరి కమ్మరి చేసిన చిన్న గొడ్డలి. తల సుమారు 700 గ్రాములు, కామ యొకటిన్నర యడుగు. రెండవది నగరపు బజారులో కొన్న గొడ్డలి. తలయు కామయు ఉక్కే, పట్టుచోట రబ్బరు తొడుగు, చూపునకు మిక్కిలి సొగసైనది. మూడవది కొన ముందునకు వంగిన మచ్చుకత్తి. అలుగు 11 అంగుళములు. నాల్గవది అయిదంగుళముల అలుగు గల తుప్పుపట్టని యుక్కు కత్తి. ఒక విద్యార్థి పినతండ్రి విదేశమునుండి తెచ్చినది. బయళ్లలో విడిది చేయువారు నడుమునకు కట్టుకొనునది యిట్టిదే.

అమెరికాలో "నెస్‌మక్" అను మాఱుపేరున వ్రాసిన జార్జి సియర్సు 1884లో వెలువరించిన తన "వుడ్‌క్రాఫ్ట్" గ్రంథమున, అడవికి బోవువానికి రెండంచుల చిన్న గొడ్డలి, పలుచని కత్తి, జేబుకత్తి యను మూడును చాలునని వాదించెను. అడవుల విడిదిని గూర్చి వ్రాయువారు నేటికిని ఆ మాటను తలంచుచుందురు. అయితే ఆయన తిరిగిన అడవులు చల్లని ఉత్తరదేశపువి. మన గుట్టలమీది ముండ్లపొదను ఆయన చూచియుండినచో నాల్గవ పనిముట్టుగా మచ్చుకత్తిని చేర్చియుండునని మా యభిప్రాయము.

పరీక్ష యెట్లు చేసితిమనగా, అన్నిటిని ఒకే సానరాతిమీద నూఱి, కాగితపు ముక్క తెగునంత పదును పెట్టితిమి. ఒకే విద్యార్థి, ఒకే లావు కొమ్మలను, ఒకదాని తరువాత ఒకటిగా నాలుగింటితో కొట్టవలెను. మొదట పట్టిన పనిముట్టునకు అలయని చేయి దొరకును గనుక, రెండవమాఱు వరుస త్రిప్పవలెను. పని ముగిసిన పిమ్మట మరల కాగితము కోసి పదును ఎంత మిగిలెనో చూడవలెను. ఇది గొప్ప శాస్త్రపరీక్ష యని మేము చెప్పము. కాని పక్షపాతము లేకుండ జూచుటకు ఇంతమాత్రము చాలును.

లంటానాతో ఆరంభించితిమి. దాని కాడలు వ్రేలి లావున నుండి, విల్లువలె వంగును. గొడ్డలితో కొట్టగా కాడ వెనుకకు వంగి, దెబ్బ బలమంతయు మ్రింగి, తిరిగి యెగిరి కొట్టినవాని మోమునకే వచ్చెను. రెండు గొడ్డండ్లును ఇచట ఓడినవి. మచ్చుకత్తి మాత్రము కొనతో కాడను తనవైపునకు లాగి పట్టుకొని, చేతి మణికట్టు విసరుతోనే తెంపివేసెను. నిడుపైన అలుగు గలది వేగముగా దిరుగును. కాడ వంగుటకు వ్యవధి యియ్యదు. తేలిక దెబ్బలో వేగమే బలమని మా భౌతికశాస్త్ర విద్యార్థి యొకడు అప్పుడే నల్లబల్లమీదివలె వివరింప దొడగెను. ఉపన్యాసము నాపి కాడలు ఏరుమంటిమి.

లంటానాను పైన కోసిన చాలదు. వర్షములు పడగానే మొదటినుండి మరల చిగిర్చును. నేలకు రెండు మూడంగుళముల క్రింద తల్లివేరును తెంపి, మొదలును తలక్రిందుగా ఎండబెట్టినప్పుడే అది చచ్చును. ఈ పనికి మచ్చుకత్తిని వాడరాదు. మట్టిలో ఒక్క రాయి తగిలిన చాలును, గంట సేపు నూఱిన పదును పోవును. వేళ్లకు గడ్డపారయే దిక్కు.

రెండవ శనివారమున సర్కారు తుమ్మ. ముంజేతి లావు కొమ్మ యిచట మచ్చుకత్తిని అలయజేసెను. అలుగు చెక్కలో దిగి యిరుకుకొనును, లాగుటకే సగము శ్రమ. బజారు గొడ్డలి మొదటి కొమ్మమీద చక్కగా నడచెను. రెండవ కొమ్మకు దాని దెబ్బలు ఇంచుమించు రెట్టింపయ్యెను. మూడవదానికి అంచు మడతపడి, చెక్కను కోయుటకు మాఱుగా నలుగగొట్టెను. కమ్మరి గొడ్డలి మూడు కొమ్మలను ఒకే తీరున ఖండించి, పిమ్మట కాగితమును కొంచెము చింపుచునైనను కోసెను. సన్నకత్తి యీ పనికి రాదని మాకు ముందే తెలియును. అయినను, కత్తి వీపుపై దుంగతో కొట్టి కఱ్ఱను చీల్చుట సాధ్యమని చదివియున్న యొక విద్యార్థి పట్టుబట్టగా చేయనిచ్చితిమి. ముడి లేని చోట చీలెను. ముడి తగిలినచోట అంచున నువ్వుగింజంత పెచ్చు లేచిపోయెను. కత్తి యజమానికి ఉత్తరము వ్రాసి క్షమాపణ చెప్పుకొంటిమి. కాని త్రాళ్లు కోయుటకును, గుఱుతు కఱ్ఱలు చెక్కుటకును, భోజనవేళ ఉల్లిపాయలు తఱుగుటకును ఆ కత్తిని మించినది మఱియొకటి లేకపోయెను.

మూడవ శనివారము జరిగినదానిని దాచక చెప్పవలసియున్నది. అంతకు ముందు వారము కమ్మరి గొడ్డలి కామ పగిలినది. కమ్మరివద్దకు బోవుటకు తీరిక లేదని, మేమే యొక ఎండు నీలగిరి కఱ్ఱను చెక్కి, తల బెజ్జములో క్రిందినుండి దూర్చి, కొనలో రెండు మేకులు కొట్టి బిగించితిమి. కదిపి చూడగా గట్టిగానే యుండెను. ఆ దినము ఎండ తీవ్రముగా నుండెను. పదునొకండు గంటల వేళ ఒక బాలుడు దెబ్బ యెత్తగా తల కామనుండి ఊడి, వెనుక నిలిచిన బాలుని భుజము ప్రక్కగా బోయి రాతిని తాకి నిప్పులు రాలెను. జానెడు ఇటైనచో నేమి జరిగియుండునో వ్రాయుటకు మాకు చేయి రాదు. ఎవరికిని గాయము కాలేదు. పని ఆపి, అందఱిని చెట్టు నీడను కూర్చుండబెట్టితిమి. చాలసేపు ఎవరును మాటాడలేదు.

బైబిలు చదువరులకు ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము జ్ఞప్తికి వచ్చును. కట్టెలు కొట్టబోయినవాని గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి అతడు చచ్చినయెడల, కొట్టినవాడు పారిపోయి తలదాచుకొనుటకు ఆశ్రయపురము లుండవలెనని అచట విధింపబడినది. రాజుల రెండవ గ్రంథము 6వ అధ్యాయమున ప్రవక్త శిష్యుని గొడ్డలి ఊడి యొర్దానులో మునిగినది. అదియు ఎరవు తెచ్చినదట. ఇనుపతలను కఱ్ఱకు బిగించి వాడిన నాటినుండి మనుష్యులకు ఈ భయము తప్పలేదని దీనివలన తెలియుచున్నది. ఆ వచనములను మేము ఎన్నిమాఱులో చదివియుంటిమి. మా మేకుల సంగతి మాత్రము తలంపునకు రాలేదు.

ఆ సాయంకాలమే గొడ్డలిని గొని కమ్మరివద్దకు బోతిమి. ఆయన తలను, కామను చేతబట్టి త్రిప్పి చూచి నవ్వెను.

"గిది ఉల్టా పెట్టిన్రు సారూ. కట్టె మీదికెల్లి దిగాలె, కిందికెల్లి గాదు."

మన యూరి గొడ్డలి బెజ్జము ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇఱుకు. కామయొక్క లావు కొన పైన నిలుచునట్లు పైనుండి దూర్చినచో, విసరినకొలది తల బయటికి లాగుకొని, లావుచోటికి చేరి యింకను బిగియును. గడ్డపలుగు కామయు ఇట్టిదే. పడమటి దేశముల గొడ్డండ్లకు మాత్రము కఱ్ఱను క్రిందినుండి దూర్చి, పైకొనను చీల్చి, చెక్కచీల దిగగొట్టి వెడల్పు చేయుదురు. రెండు పద్ధతులును మంచివే; ఒకదాని తలకు ఇంకొకదాని పద్ధతిని అంటగట్టుట మా తప్పు. దానికి తోడు ఎండకు కఱ్ఱ కుదించుకొనును. ఊడిన గొడ్డలిని రాత్రి నీట నానవేసిన బిగియునని పలువురు చేయుదురు. తడిసి ఉబ్బిన కఱ్ఱ ఇనుముచేత నలిగి, ఆఱిన పిమ్మట మునుపటికంటె సన్నమగునని ఆయన చెప్పెను. నానబెట్టిన గొడ్డలి ఆ పూటకు మాత్రమే గొడ్డలి. కామకు ఏ కఱ్ఱ మంచిదని యడుగగా తిరుమాను అనెను. బండియిరుసులకును పనిముట్ల పిడులకును ఆ కఱ్ఱ పూర్వమునుండి పేరు పొందినది. అది దొరకనిచోట నల్లతుమ్మ.

మఱి ఆ గొడ్డలి యుక్కు ఎచటిది? లారీ కమాను పట్టీ ముక్క. కమానునకు వాడు ఉక్కులో కర్బనము నూటికి ఇంచుమించు అరపాలు మొదలు ఆఱు పదియవ పాళ్లవఱకు ఉండును. వంగియు విఱుగని గుణము దానికి కమ్మరి యీయనక్కఱలేదు, పుట్టుకతోనే యున్నది. ఆయన అంచును కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, అంచుమాత్రము నీట ముంచెను. అప్పుడు అది గాజువలె గట్టిపడును, గాజువలె పెళుసగును. వెంటనే ఇసుకతో రుద్ది మెఱయజేసి, వెనుకభాగమునందు మిగిలిన వేడి మెల్లగా అంచునకు ప్రాకుటను కనిపెట్టుచుండెను. మెఱుగుమీద రంగులు నడచుట మా పిల్లలు గ్రుడ్లప్పగించి చూచిరి. మొదట గడ్డిరంగు, అది సుమారు 220 డిగ్రీల వేడి; పిమ్మట గోధుమవన్నె; పిమ్మట 280 డిగ్రీల దగ్గఱ ఊదా; 300 డిగ్రీలకు నీలము. గడ్డిరంగున ఆపినచో పదును నిలుచును గాని దెబ్బకు పెచ్చులూడును. అది కత్తులకు తగును. గొడ్డలికి ఊదా వన్నె రావలెను. ఊదా అంచునకు చేరగానే ఆయన మరల నీట ముంచెను. ఉష్ణమాపకము లేదు, గడియారము లేదు.

బజారు గొడ్డలి యేల మడతపడినదో అప్పుడు తెలిసినది. దాని అంచు వెంబడి సన్నని నీలిచాఱ యొకటి యుండెను. మేము దానిని అలంకారమనుకొంటిమి. మేము కొన్ననాడు పదును పెట్టించుటకు ఒక దుకాణమున ఇయ్యగా, యంత్రపు సానచక్రముమీద నిప్పులు రాలునట్లు అదిమి పట్టిరి. ఆ వేడికి అంచు నీలమై మెత్తబడినది. తప్పు గొడ్డలి చేసినవారిది కాదు. ఆకురాతితో ఆ నీలిభాగమును చల్లగా, నెమ్మదిగా రాచివేసి, లోపలి మంచి యుక్కు వచ్చువఱకు తీయగా, నాల్గవ శనివారమున అదే గొడ్డలి కమ్మరిదానితో ఇంచుమించు సమానముగా నిలిచినది. ముందు మేము దానికి వేసిన తక్కువ మార్కులను ఇట్లు సవరించుకొనుచున్నాము.

తుప్పుపట్టని యుక్కు సంగతి వేఱు. దానిలో క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ గాకుండ కలుపుదురు. ఇంగ్లాండులోని షెఫీల్డున హారీ బ్రేయర్లీ 1913లో దీనిని చేసి పేరు పొందెను. చెమట, నిమ్మరసము దాని నంటవు. నూఱుట మాత్రము కొంచెము కష్టము.

కొలిమివద్ద కూర్చున్నప్పుడు మా విద్యార్థులకు ఒక సంగతి చెప్పితిమి. అది వారు నమ్మలేదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను గ్రామమున పూర్వము మూసలలో ఇనుము కరగించి ఉక్కు చేసెడివారు. పారసీక వర్తకులు దానికై అంత దూరము వచ్చెడివారు. భూతత్త్వజ్ఞుడైన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార జూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో బంగాళా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. దక్షిణాదినుండి బోయిన ఈ యుక్కును ఐరోపావారు "వూట్జ్" అనిరి. మన "ఉక్కు" లేక కన్నడుల ఉచ్చారణయే అట్లు మాఱినదని పండితులు చెప్పుదురు. 1795లో జార్జి పియర్సను లండనున దీనిని పరీక్షించెను. విద్యుచ్ఛాస్త్రమున పేరుగాంచిన మైకేలు ఫారడే తన యౌవనమున 1819లో దీని గుణములను పరిశోధించెను. "మరి ఇప్పుడు లారీ కమాను ఎందుకు?" అని యొక బాలిక అడిగినది. కమ్మరి వినెను, ఏమియు అనలేదు, తిత్తి స్థానమున పెట్టుకొన్న విద్యుత్తు పంకాను కొంచెము హెచ్చించెను. ఆయన కుమారులు ఈ పని నేర్చుకొనలేదు.

నాల్గవ శనివారమునకు క్రొత్త నియమములతో బోతిమి. పనికి ముందు తలను క్రిందికి పట్టి కామను నేలకు మూడుమాఱులు తట్టి చూచుట. కొట్టువాని చుట్టు, చేయి చాచి పట్టిన గొడ్డలి పొడుగునకు రెండు రెట్ల దూరమున ఎవరును నిలువకుండుట; వాని వెనుకను, ఎదుటను అసలే నిలువకుండుట. చిన్న గొడ్డలిని మోకాళ్లపై కూర్చుండి వాడుట. తప్పిన దెబ్బ అప్పుడు కాలికి గాక నేలకు తగులును. కొమ్మను రెమ్మ చీలిన సందువైపునుండి గాక, మొదటివైపునుండి కొట్టుట. నడచునప్పుడు అంచునకు తోలు తొడుగు. పొదలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదల్చుట. కట్లపాము పగలు అట్టిచోట పండుకొనును. ఇంటిపనికి, సేద్యమునకు మాత్రమే చేసిన పనిముట్లను 1959 నాటి ఆయుధముల చట్టము ఆయుధములలో చేర్చలేదు. అయినను మచ్చుకత్తిని చేతబట్టి బస్సెక్కుట మర్యాద కాదు గనుక గోనెలో చుట్టి తెచ్చితిమి.

తుమ్మ మోడులను గూర్చి మేము చేసిన పొరపాటు ఒకటి కలదు. మొదటి రెండు వారములలో జానెడెత్తున ఏటవాలుగా నఱకి వదలితిమి. ఏటవాలు మోడు ఈటెమొన వంటిది; చీకటిలో దానిమీద పడినవాని గతి చెప్పనక్కఱలేదు. తిరిగి పోయి అన్నిటిని నేలకు సమముగా కోయవలసివచ్చెను. దానికి గొడ్డలికంటె ఱంపమే మేలు.

బాట తెఱచుకొన్నది. సుమారు 300 గజములు. గుట్టపైనుండి తూర్పున శామీరుపేట చెఱువు నీరు తెల్లని గీతగా కనబడును. జూన్ వానలు రెండు పడిన పిమ్మట పోయి చూడగా, వేరుతో పెరికిన లంటానా తిరిగి రాలేదు. సమముగా కోసిన సర్కారు తుమ్మ మోడులు ఇరువది యొకటింటిలో పదునాల్గు చిగిర్చి మోకాలెత్తు లేచియున్నవి. దాని ప్రాణము నేలలోపలి మొదలునందున్నదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. రానున్న శనివారము గడ్డపారలతో మరల పోవుచున్నాము. కమ్మరి రెండింటిని కాల్చి మొన సాగదీసి యిచ్చెను.